రెండు మందులు ఒక్క కడుపు

నాకు కామెర్లు వచ్చిన సంగతి మా క్వార్టర్ల లైన్లో అందరికీ తెలుసు. అవి నన్ను చావు దాకా ఎందుకు ఈడ్చుకుపోయాయో తెలిసినవాళ్ళు మాత్రం నలుగురైదుగురే. మిగతావాళ్ళలో సగం మంది సారా వల్ల అనుకుంటారు, సగం మంది మా అక్క పోసిన పసరు వల్ల అనుకుంటారు. సారా మాట వింటే నవ్వి ఊరుకుంటాను. పసరు మాట వింటే మాత్రం తల ఎత్తలేను. ఇప్పుడు ఒళ్ళు కాస్త కుదుటపడింది, కలం పట్టగలుగుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తే నా మనసు నిలబడుతుందేమో, నాలాంటి తెలివితక్కువవాడు ఇంకొకడు చదివి బాగుపడతాడేమో అని రాస్తున్నాను.

నా పేరు కొమురయ్య. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో ఫిల్లర్ని. అంటే లోపల పేల్చిన బొగ్గును తట్టకెత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపేవాణ్ణి. అరవైల్లో ఇక్కడ బాయిలు కొత్తగా తవ్వుతున్న రోజుల్లో పెద్దపల్లి పక్కన మా ఊరి నుంచి వచ్చాను. ఏడో తరగతి దాకా చదివాను. అందుకే మా షిఫ్టులో సగం మంది సెలవు కాగితాలు నేనే రాసేవాణ్ణి, దాంతో నాకు అన్నీ తెలుసన్న పొగరు కూడా ఉండేది.

డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం దగ్గు పట్టుకుంది. బాయి మనిషి ఉమ్మి ఎప్పుడూ నల్లగానే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకరోజు ఆ నలుపులో ఎర్ర చార కనిపించింది. కాలితో మట్టి కప్పేసి అటూ ఇటూ చూశాను. రోగం భయం కంటే ముందు పట్టుకున్న భయం ‘అన్‌ఫిట్’ అన్న మాటది. రొమ్ము జబ్బు ఉందని తెలిస్తే డాక్టరు కాగితం మీద ఆ ఒక్క మాట రాస్తాడని, దాంతో క్వార్టరూ కొలువూ రెండూ పోతాయని మాలో అందరం అనుకునేవాళ్ళం. నిజంగా అట్లా చేస్తారా లేదా అని ఎవరం ఎవరినీ అడగలేదు.

కాబట్టి మా కంపెనీ దవాఖానకు పోలేదు. రామగుండంలో రైలెక్కి పెద్దపల్లి పోయి అక్కడ ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించి, క్షయ అని చెప్పి, ఏడాదిన్నర మింగాలని గోళీలు రాశాడు. నెలనెలా వచ్చి కనపడమన్నాడు. “ఆకలి చచ్చినా, వాంతులు పట్టుకున్నా, కళ్ళు పచ్చబడినా గోళీలు ఆపేసి ఆ రోజే రావాలి” అని రెండుసార్లు చెప్పాడు. ఆ మాట నేను విన్నాను, చెవిటివాణ్ణి కాదు. కానీ మొదటి నెల తర్వాత మళ్ళీ ఆయన దగ్గరికి పోలేదు. అదే చీటీ చూపించి మందుల దుకాణంలో గోళీలు కొనుక్కుని వచ్చేవాణ్ణి.

ఈ సంగతి తెలిసిన మనిషి నా భార్య రాజవ్వ ఒక్కతే. గోళీల పొట్లం బియ్యం డబ్బాలో అడుగున దాచేది. ఎవరికీ చెప్పనని పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాను. ముఖ్యంగా అక్కకు.

అక్క గురించి చెప్పాలి. పేరు పోసవ్వ, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ నన్ను కన్న ఏడాదికే పోతే నన్ను చంకనేసుకుని తిప్పి పెంచింది అక్కే. బావ కొత్తగూడెం బాయిలో పనిచేస్తూ క్షయతో పోయాడు. ఆ తర్వాత నేనే ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాను. గంగకు, అదే గోదావరికి, పోయే దారిలో గుడిసె వేసుకుని కూరగాయలు అమ్ముకునేది. నాకూ అదే జబ్బని తెలిస్తే ఆమె గుండె ఆగిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజమే. తెలిస్తే లైనంతా వినపడేలా ఏడుస్తుందన్న భయం మిగతా సగం.

ఇంకో సంగతి. మా అక్క కామెర్లకు మందు పోస్తుంది. అది ఆమె అత్తగారి చేతి నుంచి వచ్చింది. ఖని చుట్టుపక్కల ఎవరికి కళ్ళు పచ్చబడ్డా ఆదివారం తెల్లవారగానే పోసవ్వ గుడిసె ముందు నిలబడేవాళ్ళు. మా బాయిలో టబ్బులు లాగే హాలేజీలో పనిచేసే మహబూబ్ భాయి కూడా తన కొడుకును తీసుకొచ్చి పోయించాడు. పైసా తీసుకోదు. మూడు ఆదివారాలు పరగడుపున పసరు, మధ్యలో ఉప్పూ నూనే పులుపూ లేని చప్పిడి తిండి, చివరి వారం ఒక కొబ్బరికాయ, అంతే. రెండు కట్టుబాట్లు మాత్రం గట్టివి. మూడు వారాలూ పూర్తయ్యేదాకా తాగినవాడు ఆ మాట బయట చెప్పకూడదు. ఆకు పేరు ఆమె ఎవరికీ చెప్పకూడదు, చెబితే మందు ఆమె చెయ్యి విడిచి పోతుంది. ఇంకొకటి, పోసే ముందు ప్రతి మనిషినీ ఒక మాట అడుగుతుంది. ఆ మాటే ఈ కథంతా.

వానలు ముదిరాక నాకు అన్నం మీద విరక్తి పుట్టింది. రాజవ్వ పోపు పెడుతుంటే ఆ వాసనకు వాకిట్లోకి పరుగెత్తేవాణ్ణి. మూత్రం కషాయంలా పోయేది. ఒకరోజు బాయిలో బొగ్గు నింపుతుంటే నా జోడీ మల్లేశు తన తలదీపం నా ముఖం మీదికి తిప్పి ఆగిపోయాడు.

“అన్నా, కండ్లేంది గిట్లున్నయి? పసుపు పూసినట్టే ఉన్నయి. జల్ది పోసవ్వక్క దగ్గరికి పో, ఫికర్ లేదు” అన్నాడు.

పెద్దపల్లి డాక్టరు మాట అప్పుడు గుర్తుకు రాలేదా అని మీరడుగుతారు. వచ్చింది. కానీ వానాకాలం ఖనిలో కామెర్లు ఎవరికి రావు? ఇవి ఆ కామెర్లే అనుకున్నాను. రొమ్ము జబ్బు రొమ్ముది, దానికి గోళీలు. కామెర్లు కడుపువి, వాటికి పసరు. మా బాయిలో టబ్బు కదలకపోతే ఇంకొక మనిషిని పిలిచి ఇద్దరం కలిసి నూకుతాం. మందు కూడా అంతే అనుకున్నాను, ఒకదాని కంటే రెండు నూకితే రోగం జల్ది పోతుందని. ఇద్దరూ చెరో వైపు నుంచి నూకితే మధ్యలో ఉన్నవాడి గతి ఏమవుతుందో నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున పోయాను. నాకంటే ముందు నలుగురు ఉన్నారు. నా వంతు రాగానే అక్క నా కంటి రెప్ప కిందికి లాగి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఇంత ముదిరెదాక ఏం చేసినవ్‌రా?” అంది. తర్వాత గొంతు మార్చుకుని, అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది. “కడుపుల ఏమన్న పడ్డదా?”

“లేదు.”

“ఇంకేమన్న మందు మింగుతున్నవా? దవాఖానది గాని, ఎవలిదన్న గాని? నిజం చెప్పాలె. ఉంటె నేను పొయ్య.”

నా వెనక ఇంకా ఇద్దరు నిలబడి ఉన్నారు. అది ఒక సాకు. వాళ్ళు లేకున్నా అదే చెప్పేవాణ్ణి.

“ఏం లేదక్కా” అన్నాను.

గిన్నె నా నోటికి అందించింది. చేదు గొంతు దాటి కడుపులోకి దిగే దాకా తెలిసింది. ఇంటికి వచ్చి, మధ్యాహ్నం చప్పిడి అన్నం రెండు ముద్దలు తిని, గోళీలు మింగాను.

రెండో ఆదివారం తర్వాత ఒళ్ళంతా దురద. రాత్రీ పగలూ గోకి గోకి చర్మం లేచిపోయింది. కడుపు కుడివైపు ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. నీళ్ళు తాగినా కక్కేవాణ్ణి. పథ్యం పేరుతో తిండి ముందే పోయింది, తిన్నదీ నిలవలేదు. రాజవ్వ బతిమాలింది, తిట్టింది, చివరికి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది.

“రెండిట్ల ఒక్కటన్న బంద్ చెయ్యి. నీ పీనుగను నేను మొయ్యాల్నా?”

“ఏది బంద్ చెయ్యాలె? గోళీలు ఆపితె క్షయ తింటది. పసరు ఆపితె కామెర్లు తింటయి. నువ్వే చెప్పు.”

ఆమెకు మాత్రం ఏం తెలుసు పాపం. ఏ చదువూ లేని ఆడమనిషిని అట్లా అడిగి నోరు మూయించి, నేనేదో గెలిచినట్టు గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ రోజుల్లో ఇంట్లో పిల్లలు కూడా గట్టిగా మాట్లాడేవాళ్ళు కారు.

బతుకమ్మ పండుగకు వారం ముందు, మొదటి షిఫ్టుకు హాజరు మస్టరు పడే చోటే కూలబడ్డాను. మల్లేశూ ఇంకొకరూ దవాఖానకు మోసుకొచ్చారు. వరండాలో బల్ల మీద చాలాసేపు కూర్చోబెట్టారు. నా పక్కన చెయ్యి నలిగిన మనిషి ఒకడు, జ్వరం పిల్లను ఒళ్ళో వేసుకున్న తల్లి ఒకతె. ఆ తల్లి నా కళ్ళు చూసి పిల్లను అటువైపు చంకకు మార్చుకుంది. ఆమెను తప్పుపట్టను, నేనైనా అదే చేసేవాణ్ణి.

డాక్టరు మొదట అడిగింది, “సారా ఎంత తాగుతావు?”

“తాగను సార్. పండుగకు కల్లు.”

ఆయన నమ్మలేదు. బాయి మనిషికి కడుపు చెడితే సారా కాక ఇంకేముంటుంది? నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంలో ఉండగానే రెండో ప్రశ్న వచ్చింది.

“ఏమైనా మందులు వాడుతున్నావా? నాటువైనా సరే, మావైనా సరే. దాచకుండా చెప్పు.”

అక్క అడిగిన మాటే అది. గోళీల సంగతి చెబితే కొలువు పోతుంది, పసరు సంగతి చెబితే కట్టుబాటు తప్పి అక్క చేతి మందు పోతుంది. నీతిమంతుడిలా ముఖం పెట్టి, “ఏం లేవు సార్” అన్నాను.

వార్డులో మంచం ఇచ్చారు. వారానికి సరిపడా గోళీలు తువ్వాల కొసకు ముడి వేసుకునే బాయికి పోయేవాణ్ణి, అవి నాతోనే వచ్చాయి. సిస్టరు అటు తిరగ్గానే ఒకటి నోట్లో వేసుకునేవాణ్ణి. వాళ్ళు సీసాలతో ఎక్కించే మందు పనిచేయక, నేను రోజురోజుకూ దిగిపోతుంటే డాక్టరు నా మంచం దగ్గర నిలబడి కాగితాలు తిరగేసేవాడు. నా పక్క మంచం మనిషి మూడోనాడు పోయాడు. ఆ వార్డుకు కేరళ నుంచి వచ్చిన సిస్టరమ్మ ఒకామె ఉండేది. శవాన్ని తీసేదాకా నాకు కనపడకుండా తెర లాగి, నా మంచం అంచున కూర్చుని, వచ్చీరాని తెలుగులో నా పిల్లల పేర్లు అడిగింది. అంత పనిలో ఆమెకు ఆ అవసరం లేదు.

ఆదివారం వచ్చింది. మూడో వారం తప్పకూడదు కదా. అక్క కొంగు చాటున చిన్న సీసాలో పసరు తెచ్చింది. నన్ను చూసి భయపడ్డా, ఈ ఒక్కసారితో గండం గడుస్తుందనే ఆశతో తలెత్తి పట్టుకుని తాగించింది. నా కొడుకా అంటూ తల నిమిరింది. తువ్వాల నా పిడికిట్లోనే ఉంది.

ఆ మర్నాటి నుంచి నాకు పగలు ఏదో రాత్రి ఏదో తెలియలేదు. రాజవ్వను పట్టుకుని ఎవరని అడిగానట. లేని టబ్బును నూకుతున్నట్టు చేతులాడించానట. మధ్యమధ్యలో మాత్రం మాటలు చెవిన పడేవి. అట్లాంటి ఒక పూట అక్క గొంతు వినిపించింది.

“అమ్మా, మా తమ్మునికి నేను మందు పోసిన. మూడు వారాలు. ఇగో, ఈ ఆకు, ఈ వేరు. చూసి విరుగుడు ఉంటె చెయ్యండ్రి. నా మందు పోతె పోనీ, నా తమ్ముడు ఉంటె సాలు.”

ఒళ్ళో తెచ్చినవన్నీ సిస్టరమ్మ చేతిలో పోసి, ఒక్కొక్కదాని పేరు చెప్పింది. అత్తగారు ప్రాణం పోయేముందు ఆమె చెవిలో చెప్పిన పేర్లవి. డాక్టరు వచ్చాడు. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది. “ఇది ఇంకా ఎంతమందికి పోశావమ్మా?” అని మాత్రం అడిగాడు. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడ పట్టుకుని బయటికి పోయింది.

నాకు అప్పుడు తెలివి ఉంది. ఈ మాట ఒప్పుకోవడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. నోరు పెగలకపోయినా చెయ్యి ఎత్తగలిగేవాణ్ణి. తువ్వాల ముడి చూపించగలిగేవాణ్ణి. చూపించలేదు.

సాయంత్రం ఒళ్ళు తుడవడానికి వచ్చిన సిస్టరమ్మ నా పిడికిలి విప్పింది. ముడిలో నాలుగు గోళీలు మిగిలి ఉన్నాయి. “ఇది ఏమి, కొమురయ్యా?” అంది. కోపం లేదు ఆ గొంతులో. దాంతో నేను పసిపిల్లాడిలా ఏడ్చేశాను. డాక్టరును పిలిచింది. గోళీలు ఎక్కడివో, ఎన్నాళ్ళుగా మింగుతున్నానో మొత్తం చెప్పేశాను. సార్ నన్ను అన్‌ఫిట్ చెయ్యకండి అని కూడా అన్నాను, ఆ స్థితిలో.

“ముందు బతుకు. కొలువు సంగతి తర్వాత” అన్నాడాయన. గోళీలను అరచేతిలో పెట్టుకుని చూశాడు. “ఈ గోళీలు కొందరి లివరుకు పడవు. పసరు ఎంత చేసిందో నేను చెప్పలేను. ఒక్కటే అయితే తట్టుకునేదేమో. చెడిపోతున్న లివరు మీద రెండూ కలిపి పోశావు. నేను అడిగిన రోజు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.”

రెండూ ఆపేశాక కూడా వెంటనే తేలిక కాలేదు. పది రోజులు అటో ఇటో అన్నట్టే గడిచాయి. బయట ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్న చప్పట్లు వినపడుతుంటే, రాజవ్వ నా మంచం పక్కన కింద కూర్చుని ఉండేది. దీపావళి దాటాక కళ్ళల్లో పచ్చదనం విరిగింది. చలికాలం మొదట్లో ఇంటికి పంపారు. రొమ్ముకు వేరే మందు అదే దవాఖానలో మొదలుపెట్టారు, వారం వారం రక్తం చూస్తూ. నేను అంత భయపడ్డ డాక్టరే సెలవు రాసి, తర్వాత లోపలికి దిగే పని లేకుండా పైన తలదీపాలు ఇచ్చే గదిలో వేయించాడు. కొలువు కోసం దాచినదంతా వృథా దాపరికమే.

ఆ రోజు తర్వాత అక్క దవాఖానకు రాలేదు. ఇంటికి వచ్చాక గుమ్మం దాకా వచ్చి, నా ముఖం చూసి, పిల్లల చేతిలో జామపండ్లు పెట్టి పోయేది. మందు పోయడం మానేసింది. ఆదివారాలు దూరం నుంచి వచ్చినవాళ్ళను తలుపు కూడా తీయకుండా పంపేసేదట. గుడిసె వెనక పెంచుకున్న మొక్కలన్నీ పీకి పారేసింది. తమ్ముణ్ణే చంపబోయింది అని సంతలో ఎవరో అంటే, తల వంచుకుని కూరగాయలు సర్దుకుందని మల్లేశు చెప్పాడు.

“నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?” అని రాజవ్వ రోజూ పోరింది. “వదినె అడిగింది, నువ్వు లేదన్నవ్. తప్పు ఎవలది?” నేను రేపు మాపు అంటూ నెలలు గడిపాను. తమ్ముడు తనతో అబద్ధమాడాడని ఆమెకు తెలియడం నాకు చావు కంటే కష్టంగా ఉండింది. మొగవాడి పౌరుషం ఎంత నీచంగా ఉంటుందో నన్ను చూసి తెలుసుకోండి.

ఉగాది ముందు ఒకనాడు పొద్దున పోయాను. అక్క గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. క్షయ, పెద్దపల్లి, గోళీలు, ఆమె అడిగిన మాటకు నేను చెప్పిన జవాబు.

“నీ మందుది తప్పు కాదక్కా. నువ్వు అడగనే అడిగినవ్. రెండు కలిసినందుకు అట్లయింది. తప్పు నాది” అన్నాను. ఇన్ని నెలల బరువు దిగిపోయినట్టే అనిపించింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందేమో అని కూడా అనుకున్నాను.

అక్క చేతిలోని కాయ అట్లాగే పట్టుకుని ఉండిపోయింది.

“రెండు కలిస్తెనా?” అంది.

“ఆఁ.”

“మీ బావ గూడ దవాఖాన గోళీలే మింగిండు, కొమురయ్యా. కొత్తగూడెంల. ఆఖరుకు ఆయన కండ్లు గూడ పచ్చగైనయి. మా అత్త చచ్చిపోయి అప్పటికి నెల గాలె. మందు చేతికొచ్చినంక నేను మొదట పోసింది ఆయనకే. ఆయనను అడగలె. అడగాల్నని అప్పుడు నాకు తెల్వది. ఆయన పోయినంకనే, ఎందుకన్న మంచిదని అందరిని అడుగుడు మొదలువెట్టిన.”

ఆమె నా కళ్ళల్లోకి చూస్తూ అడిగింది. “చెప్పురా. సదువుకున్నోనివి గదా. గా రెండు కలిసే పోయిండా?”

“కాదక్కా” అన్నాను వెంటనే. “బావది రోగం ముదిరింది. గోళీలు కూడ అప్పటియి వేరు. దీనికి దానికి సంబంధమే లేదు.”

“ఒట్టా?”

“ఒట్టు.”

తల ఊపి చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేటిదాకా ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి బావ పేరు పలకడం కూడా మానేసింది.

ఆ తర్వాత రక్తం చూపించుకోవడానికి పోయినప్పుడు బావ సంగతంతా డాక్టరుకు చెప్పి అడిగాను. ఆయన కలం కింద పెట్టి, “అయ్యుండొచ్చు” అన్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పసరు పోసేవాళ్ళు అడిగినా, డాక్టరు అడిగినా, మింగుతున్నది మింగుతున్నట్టు చెప్పండి. అడగకపోయినా మీరే చెప్పండి. ఇంతకంటే తెలివైన మాట నా దగ్గర లేదు.

అక్క ఇప్పటికీ అదే దారిలో కూరగాయలు అమ్ముతుంది. నేను ఇది రాస్తుంటే నిన్న వచ్చి, ఏం రాస్తున్నవురా ఇంత పొద్దు అని నా భుజం మీదుగా తొంగి చూసింది. సెలవు కాగితం అన్నాను. ఆమెకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే బావ గురించి డాక్టరు అన్న మాట ఇక్కడ రాయగలిగాను.